నీళ్లు దిగే వేళ: మింక్ కోసం ఐదు రోజులు

మొదటి రోజు

"మింక్ అంటే ఆ ఖరీదైన కోట్లు కుడతారే, అదేనా? అది ఇంకా బయట తిరుగుతోందా?" అన్నాడు బావ, ఫెర్రీ డెక్కు మీద గాలికి టోపీ ఎగిరిపోకుండా పట్టుకుని.

తిరుగుతోంది. కెనడా పడమటి అంచున ఉన్న వాంకూవర్ ద్వీపంలో, పసిఫిక్ ఒడ్డు రాళ్ల మీద రోజూ తిరుగుతోంది. బొచ్చు కోసం ఫారాల్లో బోనుల్లో పెంచిందీ ఈ జాతినే, అమెరికన్ మింక్, నీళ్ల పక్కన బతికే ఓ చిన్న వేటజంతువు. యూరప్‌లో ఫారాల నుంచి తప్పించుకుని అక్కడి నీటిపక్షులకీ నీటి ఎలుకలకీ యముడైంది. బ్రిటన్‌లో దాన్ని బోనులు పెట్టి మరీ పడతారు. నాకు మాత్రం దాన్ని దాని సొంత ఇంట్లో చూడాలని కోరిక. ఉత్తర అమెరికాయే దాని పుట్టిల్లు. అందులోనూ ఏటి ఒడ్డున కాదు, సముద్రం ఒడ్డున చూడాలి. ఉప్పునీళ్ల పక్కన బతికే మింక్‌కి గడియారం సూర్యుడు కాదు, ఆటుపోట్లు. నీళ్లు దిగితే దానికి వంటింటి తలుపు తెరుచుకున్నట్టు.

వాంకూవర్ నగరం పక్కనున్న హార్స్‌షూ బే రేవు నుంచి ద్వీపంలోని నానైమోకి ఫెర్రీలో గంటా నలభై నిమిషాలు. అక్కడ దిగి నాలుగో నంబరు హైవే ఎక్కాం. దారిలో కెథీడ్రల్ గ్రోవ్ దగ్గర ఎనిమిది వందల ఏళ్ల డగ్లస్ ఫర్ చెట్లు ఉన్నాయి. బావ అక్కడే ఆగిపోయేవాడు, నేనే తొందరపెట్టాను. పోర్ట్ ఆల్బర్నీ దాటాక కొండల్లో మలుపులే మలుపులు. చివర్లో రోడ్డు రెండుగా చీలుతుంది. కుడికి టోఫినో, జనమంతా అటే. మేము ఎడమకి తిరిగాం, యూక్లూలెట్ వైపు. ఇక్కడి మూలవాసులైన నూ-చా-నుల్త్ ప్రజల భాషలో ఆ పేరుకి సురక్షితమైన రేవు అని అర్థం.

సాయంత్రం రేవులో నడుస్తుంటే పడవల మధ్య నల్లటి తల ఒకటి నీళ్లని చీల్చుకుంటూ పోయింది. గుండె ఝల్లుమంది. వంద ఫోటోలు టకటకా కొట్టాను. తీరా అది చెక్క వంతెన మీదికి ఎక్కితే, ఇంత లావు మొదలున్న తోక, కుక్కపిల్లంత ఒళ్లు. నీటికుక్క. ఏటి నీటికుక్కే, ఇక్కడ సముద్రంలోనూ ఈదుతుంది.

"ఏంట్రా, వచ్చిన పని అయిపోయినట్టేనా?" అన్నాడు బావ.

"లేదు బావా. మింక్ దీనిలో పదో వంతు ఉంటుంది."

మగది ఓ కిలో, కిలోంబావు. ఆడది అందులో సగానికి కాస్త ఎక్కువ. మన ముంగిసకి ముదురు చాక్లెట్ రంగు వేసి, కాళ్లు కాస్త కురచ చేసి, తోకకి కుచ్చు పెడితే దాదాపు మింకే. నీళ్లలో గుర్తుపట్టడానికీ ఓ తేడా ఉంది. నీటికుక్క మునిగి, తల మాత్రం పైకి పెట్టి ఈదుతుంది. మింక్ బొచ్చులో గాలి నిండి ఉంటుంది కాబట్టి బెండుముక్కలా తేలుతుంది, వీపంతా కనిపిస్తుంది. ఇవన్నీ చదువుకునే వచ్చాను. నల్లటి తల కనపడగానే ఒక్కటీ గుర్తురాలేదు.

రెండో రోజు

ఈ రోజు జరిగింది నా తెలివితక్కువతనమే, ఇంకొకరి మీద తోయడానికి లేదు.

ఈ తీరంలో రోజుకి రెండు ఆటులు, రెండు పోటులు. రెండు ఆటులూ ఒకేలా ఉండవు, ఒకటి బాగా లోతుకి దిగితే రెండోది మొహమాటానికి దిగినట్టు దిగుతుంది. వేసవిలో ఆ లోతైన ఆటు పొద్దున్నే వస్తుంది, చలికాలంలో చీకటి పడ్డాక. అందుకే జులై అమావాస్య చూసుకుని వచ్చాం. ముద్రించిన పట్టికలో ఆటు ఉదయం ఆరింటికి అని ఉంది. ఐదుంబావుకల్లా టార్చిలైట్లతో రాళ్ల మీద ఉన్నాం.

యాంఫిట్రైట్ పాయింట్ దీపస్తంభానికి అవతల, కొండరాళ్ల మధ్య వరసగా చిన్న చిన్న గుంటల్లాంటి ఒడ్డులు ఉన్నాయి. మేం కూర్చున్నది ఏ గుంటో చెప్పను. ఎందుకు చెప్పనో ఐదో రోజుకి మీకే తెలుస్తుంది. వెలుగు వచ్చేసరికి బయటపడింది చూస్తే కళ్లు తిరిగాయి. నల్లటి ఆల్చిప్పల గుత్తులు, ఊదా రంగు సముద్ర నక్షత్రాలు, అరచేయంత ఆకుపచ్చ ఎనిమోన్లు (పువ్వుల్లా కనపడే సముద్ర జీవులు), వాటి మీద తడి జుట్టులా పరుచుకున్న పాచి. మోచేతుల కింద బార్నకిల్స్, అంటే రాయికి అతుక్కుని ఉండే గవ్వపురుగులు. రంపానికీ వాటికీ తేడా లేదు. చొక్కా మోచేతి దగ్గర మొదటి అరగంటలోనే పోయింది.

ఆరున్నర అయింది. మింక్ లేదు. ఆరూ ముప్పావుకి, ఇక నీళ్లు ఎక్కుతాయి పద బావా అన్నాను.

"ఎక్కడ ఎక్కుతున్నాయిరా? ఇందాక ఆ రాయి మొదట్లో ఉండేవి, ఇప్పుడు ఇంకా అవతలికి పోయాయి."

నేను పట్టించుకోలేదు. పట్టిక ముందు బావ మాట ఎంత! గదికి వచ్చాక అదే పట్టిక కింద చిన్న అక్షరాల్లో చూశాను: అంకెలన్నీ ప్రామాణిక సమయంలో ఇచ్చినవి, వేసవి సమయానికి ఒక గంట కలుపుకోవాలి. అసలు ఆటు ఏడింటికి. సరిగ్గా తలుపు తెరుచుకునే వేళకి మేం లేచి వచ్చేశాం. బావ ఏమీ అనలేదు. అనకపోవడమే ఎక్కువ బాధ.

పూర్తిగా వృథా అయితే కాలేదు. వెనక్కి వస్తూ ఓ ఎత్తు రాయి నెత్తిన, చిటికెన వేలంత సన్నంగా మెలితిరిగిన పెంట చూశాం. పుల్లతో విప్పితే అంతా పీత డొక్కుల ముక్కలు, ఎర్రగా, గాజుపెంకుల్లా. నీటికుక్కది ఇంతకన్నా పెద్దగా, వదులుగా ఉంటుంది. పక్కనే ఇసకలో అడుగులు జంటలు జంటలుగా, ఒకటి కాస్త ముందు, ఒకటి కాస్త వెనక. మింక్ నడవదు, విల్లులా వంగి దూకుతుంది. వెనక కాళ్లు ముందు కాళ్ల ముద్రల్లోనే పడతాయి. అడుగులు నీళ్ల నుంచి పైకి, కొట్టుకొచ్చిన దుంగల వైపు వెళ్లి రాళ్లలో కలిసిపోయాయి. అవి ఎటు పోయాయో ఇంకాస్త చూసి ఉండాల్సింది.

మూడో రోజు

ఈసారి గంట కలిపాం. ఆరున్నరకి అదే గుంటకి చేరి, ఒడ్డు పైభాగాన అడ్డంగా పడున్న ఓ దేవదారు దుంగకి వీపు ఆనించి కూర్చున్నాం. గాలి వాలు లేదు, సముద్రం మొత్తం ఎదురుగా కనపడుతోంది, నడుంకి ఆసరా ఉంది. ఇంత మంచి చోటు నిన్న ఎందుకు చూడలేదా అనుకున్నాను.

ఏడూ ఐదుకి రెండు నల్ల ఆయిస్టర్‌క్యాచర్ పక్షులు ఎర్రటి ముక్కులతో గోల పెట్టాయి. వాటి కింద రాయి ఒకటి కదిలింది. రాయి కాదు.

మొదట తల, తర్వాత మెడ, ఆ తర్వాత ఎంతకీ అయిపోని నడుము. తలా మెడా ఒకే లావు, చెవులు ఉన్నాయా అంటే ఉన్నాయి. గడ్డం కింద తెల్లటి మచ్చ, పాలు తాగి మూతి తుడుచుకోని పిల్లాడిలా. ఆ మచ్చ ఒక్కో మింక్‌కి ఒక్కో ఆకారంలో ఉంటుంది, మనిషికి వేలిముద్రలాగా. దీనిది కుడి పక్క కాస్త జారి కామాలా ఉంది.

నేను ఊపిరి బిగబట్టి మీట నొక్కుతున్నాను. అది మాత్రం ఒక్క క్షణం నిలవదు. ఈ సందులో దూరుతుంది, ఆ సందులో తేలుతుంది. పాచి కుచ్చుని ముక్కుతో ఎత్తి కిందికి తొంగి చూస్తుంది. ఓ మడుగు అంచున ఆగి, తల నీళ్లలో ముంచి, ఏదో కనపడగానే చప్పుడు లేకుండా జారిపోయింది. నీటికుక్కకి ఉన్నంత చూపు నీళ్లలో దీనికి లేదు. అందుకే తరచూ గట్టు మీంచే వేటని చూసుకుని మరీ దూకుతుంది. బావ పక్కన గొణుగుతూ లెక్కపెడుతున్నాడు: "తొమ్మిది... పది... పదకొండు..." పన్నెండుకి తేలింది. నోట్లో పాము లాంటి సన్నటి చేప, మెలికలు తిరుగుతూ దాని ముక్కుకే చుట్టుకుంటోంది. ముందు పాదంతో అణిచి, తల వెనక ఒక్క కొరుకు కొరికింది. మెలికలు ఆగిపోయాయి. ఆ చేపని అక్కడే తినేసింది.

మళ్లీ దిగింది. ఈసారి పీత. పీతని వీపు వైపు నుంచి పట్టుకుంది, కాళ్లు గాల్లో కొట్టుకుంటున్నాయి. అలా పట్టుకుని నేరుగా మా వైపే రావడం మొదలుపెట్టింది. ఇరవై మీటర్లు, పదిహేను, పది. అక్కడ ఆగి, ముందు కాళ్లు ఓ రాయి మీద పెట్టి, సూటిగా లెన్సులోకి చూసింది. తడి బొచ్చు ముళ్లు ముళ్లుగా అతుక్కుని ఉంది, మీసాల చివర నీటిబొట్లు మెరుస్తున్నాయి. కాస్సేపు అలా నిలబడి, వెనక్కి తిరిగి, చుట్టూ తిరిగి ఇంకో వైపు నుంచి వచ్చింది. మళ్లీ ఆగింది. మళ్లీ చూసింది. మూడోసారి కూడా. తర్వాత విసుగేసినట్టు పీతని అక్కడే రాతి చాటున కరకరా నమిలేసి, డిప్ప వదిలేసి, నీళ్లలోకి పోయింది.

"పోజులిస్తోందిరా నీకు!" అన్నాడు బావ.

నాకూ అలాగే అనిపించింది. మాకు అప్పుడే అలవాటు పడిపోయిందని సంబరపడ్డాను.

ఆ పూట తీసినవి ఆరు వందల పైచిలుకు, నిలబడినవి తొమ్మిది. కారణాలు రాసుకుంటే ఇంకొకరికి పనికొస్తాయి. నల్లటి జంతువు ఫ్రేము నిండా ఉంటే కెమెరా కంగారుపడి వెలుతురు పెంచేస్తుంది, చాక్లెట్ రంగు కాస్తా బూడిద రంగు అవుతుంది. అప్పుడు వెలుతురుని కావాలని ఒకటీ అర మెట్టు తగ్గించాలి. అదే జంతువు మెరిసే నీళ్ల ముందుకి వస్తే మొత్తం తిరగబడి నల్లటి బొమ్మ మాత్రమే మిగులుతుంది. ఒకే నిమిషంలో రెండూ జరుగుతాయి. నేను చివరికి కెమెరా మాట వినడం మానేసి, రాతి మీద వెలుతురు చూసుకుని అంతా చేత్తోనే పెట్టాను. షట్టర్ వేగం సెకనులో 1/1600 వంతు కంటే తగ్గితే ఆ పరుగు ముందు నిలవదు, అందుకోసం ఐఎస్ఓ, అంటే వెలుతురుకి కెమెరా స్పందించే తీరు, 3200 దాకా ఎక్కించక తప్పలేదు. ట్రైపాడ్ దండగ. ఇసక సంచీ ఒకటి రాతి మీద వేసి, దాని మీద లెన్స్ పెట్టి బోర్లా పడుకోవడమే. జంతువు కంటికి లెన్స్ సమానంగా ఉండకపోతే, పైనుంచి తీసిన మింక్ ఎండిన బీరకాయలా ఉంటుంది.

నాలుగో రోజు

పొగమంచు. చేయి చాస్తే వేళ్లు కనపడనంత కాదు గానీ, సముద్రం మాత్రం చప్పుడుగానే ఉంది. లెన్స్ ముందు అద్దం తుడిచిన కొద్దీ చెమరుస్తోంది. నేను వంగి తుడుచుకుంటూ ఉంటే బావ మోచేత్తో పొడిచాడు. తల ఎత్తేలోపు ఏదీ లేదు.

"ఇక్కడే, ఇదిగో, ఈ దుంగ చివర. రెండు చేతుల దూరంలో. నోట్లో ఏదో ఉంది. నన్ను చూసి తిరిగి పోయింది."

మూడు రోజులుగా, ఎనిమిది వేల కిలోమీటర్లు వచ్చినట్టు బిల్డప్ ఇచ్చుకుంటున్న నేను చూడలేదు. మోచేత్తో పొడిచిన బావ చూశాడు. చిన్నగా కస్తూరి లాంటి, కాదు, ముక్కిపోయిన గోనెసంచి లాంటి వాసన మాత్రం మిగిలింది.

మంచు విడవలేదు. దీపస్తంభం దాకా నడిచాం, ఆ చుట్టుబాట 2.6 కి.మీ. పొట్టిగా, తెల్లగా, బంకర్ లాంటి కట్టడం. 1905 క్రిస్మస్ వేళ 'పాస్ ఆఫ్ మెల్‌ఫోర్ట్' అనే తెరచాప ఓడ ఇక్కడి రాళ్లకి కొట్టుకుని అందులో ఉన్న వాళ్లంతా పోయారు. మరుసటేడు కొయ్య దీపస్తంభం కట్టారు. 1914 జనవరిలో దాన్నీ అల ఎత్తుకుపోయింది. 1915లో కాంక్రీటుతో కట్టిందే ఇప్పుడున్నది. అందుకే ఇక్కడ ఫోటోల వాళ్లకి ఒకటే మాట చెబుతారు: తడిసి నల్లబడ్డ రాతి మీద నిలబడకు, సముద్రానికి వీపు చూపించకు. నేను ఇప్పటికి రెండుసార్లు చూపించాను.

బెంచీ మీద కూర్చుని బావకి తీర మింక్‌ల కథ చెప్పాను. అట్లాంటిక్ వైపు, అమెరికాలోని మెయిన్ రాష్ట్రం తీరంలో సీ మింక్ అని ఇంకోటి ఉండేది. దీనికన్నా పెద్దది, బొచ్చు ఇంకా ఎక్కువ. ఒళ్లు పెద్దదైతే తోలుకి ధర పెద్దది. పందొమ్మిదో శతాబ్దం ముగిసేలోపే దాన్ని తుడిచిపెట్టేశారు. 1903లో శాస్త్రవేత్తలు దానికి పేరు పెట్టింది పాత గవ్వల దిబ్బల్లో దొరికిన ఎముకలు చూసి. పేరు పెట్టేనాటికి పిలిస్తే పలికేది ఒక్కటీ లేదు.

"మరి ఫారాలు?"

2020లో కోవిడ్ ఫారం మింక్‌లకి సోకి, డెన్మార్క్ ఒక్కచోటే కోటిన్నరకి పైగా మింక్‌లని చంపించింది. ఇదే బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలో ఫ్రేజర్ లోయ ఫారాల్లోనూ వచ్చింది. 2021 నవంబరులో ప్రభుత్వం ఫారాలు మూసేయమంది, 2023 ఏప్రిల్ తర్వాత వాటిలో బతికున్న మింక్ ఉండకూడదని గడువు పెట్టింది. అంటే ఈ రాష్ట్రంలో ఇప్పుడు మింక్ చూడాలంటే ఇలా రాళ్ల మీద పడిగాపులు పడటమే.

ఇదే ద్వీపం ఉత్తరాన ఉండే క్వాక్వాకవక్వ్ ప్రజల కథల్లో మింక్ సూర్యుడి కొడుకు. తండ్రిని వెతుక్కుంటూ ఆకాశానికి పోతాడు. అలసిపోయిన తండ్రి ఒకరోజు పని కొడుక్కి అప్పగిస్తాడు. మెల్లగా నడు, మబ్బుల్ని తొందరపడి ఊడవకు, కిందికి తొంగిచూడకు అని మరీ మరీ చెబుతాడు. వాడు వింటాడా? మబ్బులన్నీ ఊడ్చిపారేసి పరుగెత్తుతాడు, కింద లోకం అంటుకుంటుంది. తండ్రి పట్టుకుని సముద్రంలోకి విసిరేస్తాడు. మనకి సంపాతి రెక్కలు కాలాయి, వీళ్లకి లోకమే కాలింది. మూడో రోజు దాన్ని చూశాక నాకు ఈ కథలో అనుమానమే లేదు. నిలకడగా నడవమంటే నడిచే జంతువు కాదది.

ఐదో రోజు

మంచు తేలిపోయింది. ఆటు ఎనిమిదిన్నర ప్రాంతంలో. ఏడున్నరకే అదే దుంగ, అదే ఆసరా.

ఎనిమిదింటికి వచ్చింది. కామా మచ్చ. నాలుగు నిమిషాల్లో పీత పట్టింది, మొన్నటిలాగే మా వైపు వచ్చింది, పది మీటర్ల దగ్గర ఆగింది. నేను నొక్కుతూనే ఉన్నాను. వెలుతురు పక్కనుంచి పడుతోంది, మీసం మీసం లెక్కపెట్టొచ్చు. చుట్టూ తిరిగి ఎడమ నుంచి వచ్చింది, ఆగింది. కుడి నుంచి వచ్చింది, ఆగింది. పీత కాళ్లు అప్పటికి కదలడం మానేశాయి.

"ఒరేయ్," అన్నాడు బావ మెల్లగా. "తినట్లేదేంట్రా అది? చేపనైతే పట్టిన చోటే తింటోంది. దీన్ని పట్టుకుని తిరుగుతోంది."

నేను లెన్స్ దించాను. అప్పుడు వినపడింది. మా వెనక, దుంగ కింద నుంచి సన్నటి కిచకిచ. కోడిపిల్లలు గంప కింద అరిచినట్టు.

మెడ తిప్పి చూశాను. దుంగకీ రాళ్లకీ మధ్య పిడికిలి పట్టే సందు. దాని ముందు పీత డిప్పలు, ఎండినవీ, పచ్చివీ. నిన్నా మొన్నా ఆ డిప్పలు పక్కకి నెట్టి వాటి మీదే మా సంచులు పెట్టుకున్నాం.

"మనం దాని గుమ్మంలో కూర్చున్నాంరా."

మింక్ ఇంట్లో తండ్రి ఉండడు. జత కట్టడం వరకే అతని పని. పిల్లల్ని కనేదీ సాకేదీ తల్లే. ఇంకా సొంతంగా వేటాడలేని పిల్లలకి నోటితో మోసుకొచ్చి పెట్టాలి. నీళ్లు దిగి ఉండేది కాస్సేపే, అందులో మూడు పూటలు మేం తలుపుకి వీపు ఆనించి కూర్చున్నాం. పోజు అనుకున్నదల్లా మమ్మల్ని లెమ్మనడం.

లేచి నిలబడితే బెదిరిపోతుందని, కూర్చున్న పళాన పక్కకి జరిగి, ఆ రాళ్ల మీద పిరుదుల మీదే డేకుతూ గుంట అవతలి అంచుకి పోయాం. నలభై మీటర్లు ఉంటుంది. బావ ప్యాంటు వెనక సంగతి రాయను. ఇసక సంచీ అక్కడే మర్చిపోయాను, వెనక్కి వెళ్లలేదు.

ఆమె చాలాసేపు కదలలేదు. ఆ తర్వాత గీత గీసినట్టు సూటిగా వెళ్లి సందులో దూరింది. పీత అడ్డం పడితే తల పక్కకి తిప్పి లాక్కుంది. కిచకిచ ఒక్కసారిగా పెరిగి, ఆగిపోయింది. మరో పావుగంటలో రెండుసార్లు దిగి రెండుసార్లు తెచ్చింది. మూడోసారి వట్టి నోటితో వచ్చి, సందు ముందు నిలబడి, ఏదో గొంతులోనే అంది. చిన్న తల ఒకటి బయటికి వచ్చింది. దాని మీద ఎక్కి ఇంకోటి. వాటిని తోసుకుంటూ మరోటి. గడ్డాల కింద తెల్లటి చుక్కలు.

600 మిల్లీమీటర్ల లెన్స్‌కి కూడా అక్కడినుంచి అవి అగ్గిపుల్లలంత. ఎండ ఎక్కి రాళ్ల మీంచి ఆవిరి లేస్తోంది, బొమ్మ వణుకుతోంది. అయినా తీశాను, ఒకే ఒక్కటి బాగా వచ్చింది. ఫ్రేము నిండా దుంగ, రాళ్లు, సముద్రం. మూలన చీకటి సందు దగ్గర నల్లటి గీతలు కొన్ని.

నీళ్లు ఎక్కాక, ఆమె వాటిని తీసుకుని లోపలికి పోయాక, ఇసక సంచీ తెచ్చుకుని బయల్దేరాం.

ఫెర్రీ డెక్కు మీద బావ కెమెరా తీసుకుని ఆ ఫోటోని పెద్దది చేసి చూస్తూ కూర్చున్నాడు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

"ఎన్నన్నావురా?"

"నాలుగు. తల్లి, మూడు పిల్లలు."

తెర నా వైపు తిప్పి, గోటితో దుంగ కింద చీకట్లో ఓ చోట చూపించాడు. తోక కొస ఒకటి, లోపలికి పోతూ.

"ఐదు," అన్నాడు.